పిండికట్టు మీద పదహారో తారీఖు

నేల యజమాని లీజుదారుకి థాంక్స్ చెబుతూ ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరాన్ని పట్టకారుతో పట్టుకుని చదవాలి.

ఇరవై రెండేళ్ళుగా పెన్జ్ అనే ఊళ్ళో నా వృత్తి ఇదే. నోటీసులు అందించడం, అందలేదని బొంకేవాళ్ళ బొంకు బయటపెట్టడం, మధ్యమధ్యలో పారిపోయిన మొగుళ్ళని వెతకడం. ఈ ఇరవై రెండేళ్ళలో యజమానులు నా మీదికి కుక్కల్ని వదిలారు. ఒకాయన మేడ మీంచి స్నానం చేసిన నీళ్ళు పోశాడు. ఒకావిడ గుమ్మంలో నా ఎదురుగా నిలబడి తాను చచ్చిపోయానని చెప్పింది. థాంక్స్ మాత్రం ఎవరూ చెప్పలేదు.

గురువారం ఉదయం పది గంటల అయిదు నిమిషాలకి ఆ ఉత్తరం మిసెస్ విన్నీ టాప్సెల్ వంటింటి బల్ల మీద, వెన్న గిన్నెకి ఆనించి ఉంది.

'మీ నోటీసు అందింది. హృదయపూర్వక ధన్యవాదాలు. మీకు ఈస్టర్ శుభాకాంక్షలు. గోస్‌బ్రూక్ ఎస్టేట్స్ తరఫున, నైజెల్ ఫెన్విక్.'

"ఎంత మర్యాదస్తుడో చూడు నాయనా," అంది విన్నీ. "దీనికోసం నువ్వు పరిగెత్తుకు రావడం ఎందుకు?"

"ఆ 'హృదయపూర్వక' కోసం వచ్చాను. ఫెన్విక్ నాకు పాతికేళ్ళుగా తెలుసు. వాడికి ఆ అవయవం లేదు."

విన్నీకి డెబ్భై ఆరేళ్ళు. బడిపిల్లలకి ముప్ఫై ఏళ్ళు మధ్యాహ్నం భోజనాలు వడ్డించి రిటైరైంది. ఎర్ర స్వెట్టరు తొడుక్కోకుండా భుజాల మీద కప్పుకుని కూర్చుంది.

సంగతి ఇది. ఫ్లాటు విన్నీది. దాని కింద నేల గోస్‌బ్రూక్ కంపెనీది. విన్నీ కొన్నది తొంభై తొమ్మిదేళ్ళ లీజు. అందులో పంతొమ్మిదేళ్ళు ఇవాళ్టితో సరి. ఎనభై ఏళ్ళకి పైన మిగిలి ఉండగా పొడిగింపు అడిగితే ఒక ధర. ఎనభై కిందికి ఒక్కరోజు జారినా దానికి రెండింతలు. ఆ రెండో ధర విన్నీ దగ్గర లేదు. పొడిగించని లీజు మీద కొనేవాళ్ళకి బ్యాంకు అప్పివ్వదు. కొనేవాళ్ళు దొరికారు. సముద్రం ఒడ్డున వర్తింగ్‌లో, మెట్లు లేని చిన్న ఇల్లొకటి ఆమె కోసం నెలాఖరు దాకా ఆగుతుంది. ఇక్కడ ఆమె ఉండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు.

విన్నీ పొడిగింపు నోటీసు ప్లీడరు ఆఫీసులో తీసుకుని నేనే పోయిన శుక్రవారం, పద్ధెనిమిదో తారీఖు, పదకొండు నలభైకి ఫెన్విక్ బల్ల మీద పెట్టి వచ్చాను. గడువుకి ఆరు రోజుల ముందే. ఫెన్విక్ ఏడవాలి. శుభాకాంక్షలు చెబుతున్నాడు. నిన్న సాయంత్రం విన్నీ ఫోన్లో చదివి వినిపించాక నాకు నిద్రపట్టలేదు.

"టీ తాగి వెళ్ళు," అంది విన్నీ.

కెటిల్ ఎత్తింది, ఎడమ చేత్తో. కూజాలో పోసింది, ఎడమ చేత్తో. కప్పులోకి సగం, సాసరులోకి సగం వంపింది. బిస్కట్ల పొట్లం పంటితో చింపి ఉంది. రొట్టె నిలువునా కాకుండా ఐమూలగా, ఎవరో కోపంతో నరికినట్టు కోసి ఉంది.

"మీది ఎడమచేతి వాటమా?"

"కాదే. ఎందుకలా అడిగావు?"

నా ఫైలు తెరిచాను. నేను అందించిన నోటీసు నకలు తీసి బల్ల మీద పరిచాను. అడుగున ఆమె సంతకం. మొదటి అక్షరం దొరసానిలా వంగి నమస్కారం పెడుతోంది. చివరి అక్షరం తోక కింద సన్నటి గీత, తీగలా మెలికలు తిరిగింది. ఇంత అందమైన సంతకం చేసే మనిషి రొట్టె అలా కొయ్యదు.

"కుడిచెయ్యి చూపించండి."

"చలిగా ఉంది నాయనా."

"మిసెస్ టాప్సెల్."

ఆమె స్వెట్టరు తీసింది. మోచేతి పైనుంచి వేలి కణుపుల దాకా పిండికట్టు.

"ఎప్పుడు?"

"పద్నాలుగో తారీఖు, సోమవారం. పొద్దున ఏడు ఇరవై. చెత్తబండి వచ్చే రోజు కదా, సంచి పట్టుకుని దిగుతున్నా. పైనుంచి మూడో మెట్టు."

"నోటీసు మీద తేదీ పదిహేడు."

"అవును."

"పదిహేడో తారీఖున ఈ చేత్తో ఈ సంతకం ఎలా పెట్టారు?"

"నేనెక్కడ పెట్టాను? సిరిల్ పెట్టాడు. కింద ఒకటో నంబరు సిరిల్ హాడో. అడగ్గానే పెట్టాడు పాపం. ఇంత చిన్నదానికి ప్లీడరుకి ఫోన్ చేసి ఆయన్ని ఇబ్బంది పెట్టడం దేనికని..."

కప్పు కింద పెట్టాను. ఈ లీజుల చట్టంలో నాకు అర్థమయ్యే వాక్యం ఒకే ఒక్కటుంది. లీజుదారు తన చేత్తో తానే సంతకం పెట్టాలి. భర్త పెట్టినా, ప్లీడరు పెట్టినా, ప్రధానమంత్రి వచ్చి పెట్టినా చెల్లదు. అదే మాట ఆమెకి చెప్పాను.

"అంటే నేను నోటీసు ఇవ్వనట్టేనా?"

"ఇవ్వనట్టే. ఫెన్విక్ ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటకి తాళం వేసుకుని పోతాడు. రేపు గుడ్ ఫ్రైడే. పండగ సెలవులయ్యాక మంగళవారం మీకు ఇంకో ఉత్తరం వస్తుంది. అందులో థాంక్స్ ఉండదు."

ఆమె వెన్న గిన్నెకి ఆనించిన ఉత్తరం చేతిలోకి తీసుకుంది. "అయినా ఆయనకెలా తెలుస్తుంది నాయనా? ఆ సంతకం నాదానికంటే బాగుంది."

మంచి ప్రశ్న. కళ్ళజోడు పెట్టుకుని కట్టుని కిటికీ వెలుతురులోకి తిప్పాను. మా వాళ్ళకిదొక పిచ్చి. ఎవరికైనా ఎముక విరిగితే ఊరంతా వచ్చి కట్టు మీద సంతకాలు పెట్టిపోతారు. పాలవాడు ఆవు బొమ్మ వేశాడు. జుట్టు కత్తిరించే మాండీ లిప్‌స్టిక్ పెదవులు అద్దింది. పాదిరిగారు చేప గీసి, అది చేప అని కింద రాశారు. మోచేతి లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట, నీలం ఇంకు పెన్నుతో పొందిగ్గా:

'త్వరగా కోలుకోండి. ఎన్. ఫెన్విక్.' పేరు తరవాత ఆరక్షరాల డిగ్రీలు. '16 మార్చి.'

"వీడెప్పుడొచ్చాడు?"

"బుధవారం, మధ్యాహ్నం రెండున్నరకి. వాన గొట్టాలు చూడ్డానికి. మెట్ల మీద పడ్డానంటే ఎంత బాధపడ్డాడనీ! తనే పెన్ను తీసి రాశాడు."

"డిగ్రీలతో సహా."

"చదువుకున్నాయన కదా," అంది విన్నీ.

నిజమే. నేనూ ఫెన్విక్కూ ఒకే ఆఫీసులో, ఎదురెదురు బల్లల దగ్గర మొదలుపెట్టాం. సాయంత్రాలు వాడు రాత్రి బడికి పోయాడు, నేను జనం గుమ్మాల ముందు నిలబడ్డాను. వాడి పేరు చివర అక్షరాలు పెరిగాయి, నా కాళ్ళ మీద కుక్కకాట్లు పెరిగాయి. కాని కట్టు మీద కూడా తేదీ వేసేంత చదువు వాడు చదివాడు, అది నా అదృష్టం. పదహారున ఆమె చెయ్యి విరిగిందని చూశాడు. పదిహేడో తారీఖు వేసిన ముత్యాల్లాంటి సంతకం పద్ధెనిమిదిన చేతికందింది. నోరు మూసుకుని శుభాకాంక్షలు రాశాడు.

పదకొండు పదికి సిరిల్ హాడో తలుపు కొట్టాను.

సిరిల్ దుకాణాల బోర్డులు రాసి రిటైరైన మనిషి. డెబ్భై నాలుగేళ్ళు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. నేను లోపలికి వెళ్ళేసరికి బల్ల దగ్గర కూర్చుని పోస్ట్‌మన్‌కి ఈస్టర్ కార్డు రాస్తున్నాడు. తొమ్మిది ఫ్లాట్ల పేర్లూ, తొమ్మిది రకాల దస్తూరీల్లో.

"ఇవన్నీ మీరేనా?"

"మరి ఎవరు? పుట్టినరోజు కార్డయినా, సంతాపం కార్డయినా మా బిల్డింగులో నా దగ్గరికే వస్తుంది. తొమ్మిది తలుపులు కొట్టి, తొమ్మిది టీలు తాగి ఎవరు తిరుగుతారండీ? ఎవరి దస్తూరీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. విన్నీ... మిసెస్ టాప్సెల్ మొదటి అక్షరం దగ్గర కొంచెం గర్వంగా వంగుతుంది. నాకు ఆ వంపంటే ఇష్టం." చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు పెట్టింది పుట్టినరోజు కార్డు మీద కాదు మిస్టర్ హాడో. చట్టప్రకారం ఇచ్చే నోటీసు మీద."

"తెలుసండీ. అందుకే ముందు వేరే కాగితం మీద నాలుగుసార్లు అభ్యాసం చేశాను."

ఆయన చేసిన పని ఏమిటో చెప్పాను. కుంచెలున్న డబ్బా ఒళ్ళోకి తీసుకుని కూర్చుండిపోయాడు. "ఆమె ఇల్లు నా మూలంగా పోతుందా?" అన్నాడు. ఆ క్షణాన ఆయన్ని అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. నాకు తట్టలేదు. నా కళ్ళు గోడ గడియారం మీదున్నాయి. పదకొండు ఇరవై దాటింది.

ప్లీడరు ఆఫీసు నిన్నే మూసేశారు. కాని ప్లీడర్లు ప్రతి కాగితం రెండేసి పంపుతారు. సంతకం లేని రెండో ప్రతి నా ఫైల్లో ఉంది.

"ఇటివ్వు, ఎడమ చేత్తో గిలికేస్తాను," అంది విన్నీ, నేను మళ్ళీ పైకి వెళ్ళి సంగతి చెప్పగానే.

"ఇక్కడ వద్దు. దొంగ సంతకం అచ్చేసినట్టుంది. మీ అసలు సంతకం కోడి కెలికినట్టుండబోతోంది. మనం తీసుకెళ్ళి ఇస్తే ఇదెవరి కెలుకుడు అంటాడు. వాడి ముక్కు ముందు పెట్టాలి."

ఆమె మూడంతస్తులు దిగడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. గోస్‌బ్రూక్ ఆఫీసు పది నిమిషాల నడక. మాకు ముప్ఫై తొమ్మిది పట్టింది. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ చెయ్యెలా ఉందని అడిగారు, ప్రతివాళ్ళకీ విన్నీ మొదటి మెట్టు నుంచి చెప్పుకొచ్చింది. సిరిల్ వద్దంటున్నా వెంట వచ్చాడు, ఆమె హ్యాండ్‌బ్యాగ్ మోస్తూ. పన్నెండు ముప్ఫై ఒకటికి తలుపు ముందున్నాం. ఉత్తరాలు వేసే కంతకి అడ్డంగా పచ్చ టేపు అంటించి ఉంది: 'రంగు తడిగా ఉంది.' వేలితో ముట్టుకున్నాను. రంగు ఏనాడో ఎండిపోయింది.

లోపల ఫెన్విక్ కోటు వేసుకుని, శిలువ గుర్తు బన్ను తింటున్నాడు.

"క్రడాక్! ఇంకా గుమ్మాలు పట్టుకునే తిరుగుతున్నావా?"

"నువ్వు వాన గొట్టాలు ఎక్కుతున్నావటగా. డిగ్రీలు జారిపోవట్లేదా?"

విన్నీని చూశాడు. కట్టుని చూశాడు. బన్ను నమలడం ఆపాడు. అంతసేపే. "మిసెస్ టాప్సెల్, ఎంత సంతోషం! దయచేసి చీటీ తీసుకోండి. గోడకున్న యంత్రంలో."

గదిలో మేము తప్ప పురుగు లేదు. విన్నీ బుద్ధిగా చీటీ తీసుకుంది. నలభై ఏడు.

"నలభై ఆరు!" అని పిలిచాడు ఫెన్విక్, ఖాళీ కుర్చీల వైపు చూసి.

"నలభై ఆరు ఎవడూ లేడు," అన్నాను.

"పాపం బయటికెళ్ళాడేమో నాయనా," అంది విన్నీ. "రెండు నిమిషాలు చూద్దాం. వరస తప్పి వెళితే ఏం బాగుంటుంది?"

ఆమెను నమ్మించి మోసం చెయ్యనక్కర్లేదు. వరసలో నిలబెడితే చాలు. లేని మనిషి కోసం నాలుగు నిమిషాలు కూర్చున్నాం. ఫెన్విక్ గడియారం కేసి చూస్తూ రెండో బన్ను తీశాడు. చివరికి సిరిల్ లేచి, "నలభై ఆరు నేనే. నా వంతు ఈవిడకిస్తున్నాను," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో నేను విన్న గొప్ప అబద్ధాల్లో అదొకటి.

పన్నెండు నలభై మూడుకి కాగితం కౌంటరు మీద పరిచాను. విన్నీ ఎడమ చేత్తో పెన్ను పట్టుకుంది, చెంచా పట్టుకున్నట్టు.

"పేరు మొత్తం రాయాలా?"

"మొత్తం."

"తొందరేం లేదు మేడమ్," అన్నాడు ఫెన్విక్. "ఎడమ చెయ్యి కదా, నిదానంగా. మీ చిన్నప్పుడు మీ ఊరు ఎలా ఉండేదండీ?"

"ఆయనకి జవాబు చెప్పకండి!"

"అడిగినప్పుడు చెప్పకపోతే ఎలా నాయనా?" పెన్ను పైకెత్తింది. "మాది కెంట్. బీరులో వేసే హాప్ తీగల తోటలు..." సిరిల్ ఆమె మోచేతి కింద చెయ్యి ఆనించబోయి, నా చూపు చూసి వెనక్కి లాక్కున్నాడు. ఆయన వేలు తగిలినా ఇంకో కేసవుతుంది.

హాప్ తోటల్లోంచి ఆమెను బయటికి లాగేసరికి నలభై తొమ్మిది. మొదటి అక్షరం కింద పడి లేచింది. రెండోది గీత దాటి పారిపోయింది. మధ్యలో ఆపి, "ఇది బాగా రాలేదు, ఇంకో కాగితం ఇవ్వు," అంది. బడిలో ఆమెకి దస్తూరీ బహుమతి వచ్చిందట.

"ఇంకోటి లేదు!" అన్నాం నేనూ సిరిల్, ఒక్క గొంతుతో.

యాభై మూడుకి పూర్తయింది. తుఫానులో చిక్కిన పడవల్లా ఉన్నాయి అక్షరాలు. నేను తేదీ వేసి కౌంటరు మీదికి తోశాను. ఫెన్విక్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఇది ఈవిడ సంతకమని నేనెలా నమ్మాలి? పోయిన శుక్రవారం నువ్విచ్చిన దానికీ దీనికీ పోలికే లేదే."

"అయితే శుక్రవారందే అసలుది అను. నోటీసు అప్పుడే అందినట్టు, గొడవే లేదు. అది దొంగదంటావా, ఇది నీ కళ్ళముందు పెట్టింది. పదహారున ఈ చెయ్యి విరిగి ఉందని నీకు తెలుసనడానికి సాక్ష్యం కావాలంటే ఆవిడ మోచెయ్యి తిప్పుతాను. డిగ్రీలతో సహా రాసిపెట్టావు. రెంటిలో ఏది కావాలో తీసుకో, నైజెల్."

వాడి మొహం మీంచి పండగ దిగిపోయింది. ఈలోగా విన్నీ కౌంటరు మీదున్న తారీఖు ముద్ర ఎడమ చేత్తో ఎత్తి, ముప్ఫై ఏళ్ళు బంగాళాదుంపలు మెదిపిన బలంతో నోటీసు మీద గుద్దింది. 24 మార్చి.

"మాకు ఆలస్యమవుతోంది," అంది.

"ఒక్క నిమిషం," అన్నాడు ఫెన్విక్. సొరుగు లాగాడు. అందులోంచి ఆరు కాగితాలు తీసి పేకముక్కల్లా పరిచాడు. అవీ నోటీసులే. అదే బిల్డింగు. ఆరు రకాల దస్తూరీ, ఒక్కొక్కటీ చూడముచ్చటగా ఉంది. "సోమవారం మిస్టర్ హాడో స్వయంగా తెచ్చి ఇచ్చారు. అందరికీ థాంక్స్ రాశాను."

'ఇంకెవరెవరికి పెట్టారు?' అని సిరిల్‌ని అడగాల్సిందని నాకప్పుడు తట్టింది. సిరిల్ వైపు తిరిగాను. ఆయన హ్యాండ్‌బ్యాగ్‌లోకి చూస్తున్నాడు.

ఫెన్విక్ ఒక కాగితం వేలితో ముందుకి నెట్టాడు. "ఇది నాలుగో నంబరు, లెస్లీ బీవిస్. సంతకం ఈ నెల పద్ధెనిమిదిన. మిస్టర్ బీవిస్ జనవరి తొమ్మిదిన పోయారు. పువ్వులు నేనే పంపించాను."

"పోయినాయన చేత లీజు పొడిగింపు అడిగించావా?" అన్నాను. మర్యాద మర్చిపోయాను.

"ఫారం ఆయన పేరున వచ్చిందండీ," అన్నాడు సిరిల్. "కార్డుల మీద కూడా ఇంకా పెడుతూనే ఉన్నాను. ఒక్కళ్ళని వదిలేస్తే బాగోదు కదా."

"ఫిబ్రవరిలో నా పుట్టినరోజు కార్డు మీద 'ప్రేమతో లెస్లీ' అని..." అంది విన్నీ.

"నేనే."

"పోయేముందే రాసిపెట్టాడనుకుని నేను ఏడ్చాను, సిరిల్!"

ఫెన్విక్ ఫోను తనవైపు లాక్కున్నాడు. "చెయ్యి విరిగిన పొరుగావిడ అడిగితే సంతకం పెట్టడం వేరు, మేడమ్. చచ్చినవాడి సంతకం వేరు. పోలీసులకి అది చాలా ఇష్టం. కాని నేను దుర్మార్గుణ్ణి కాదు. మీరు ఇప్పుడు పెట్టిన ఈ కాగితం వెనక్కి తీసుకుని ఇంటికెళ్ళండి. నేను మిస్టర్ బీవిస్‌ని ప్రశాంతంగా పడుకోనిస్తాను. ఒంటిగంటకి ఇంకా మూడు నిమిషాలుంది."

ఫెన్విక్ నోటీసుని ఒక వేలితో విన్నీ వైపు నెట్టాడు.

"తీసేసుకో విన్నీ," అన్నాడు సిరిల్ మెల్లగా. "కాదు, నా మాట విను. వద్దు, తీసుకోకు. ఆ మెట్లు నువ్వు ఇంకో చలికాలం దిగలేవు. నాకేమవుతుంది? జైల్లో కూడా బోర్డులు రాసేవాళ్ళు కావాలిగా."

విన్నీ ఎడమ చెయ్యి చాచి నోటీసు అందుకుంది. ఆమె దాన్ని కౌంటరు అంచుకి సరిచేసి, ముద్ర ఆరిందో లేదో ఊది చూసి, ఫెన్విక్ కోటు పైజేబులో దూర్చి, రుమాలు సర్దినట్టు సర్దింది.

"రసీదు రాయండి మిస్టర్ ఫెన్విక్. ఆ తరవాత ఫోన్ చేసుకోండి. వరసలో నేను ముందున్నాను."

ఫెన్విక్ రసీదు రాశాడు. సంతకం ఆమెదానికంటే ఘోరంగా వచ్చింది. నేను దాన్ని లాక్కుని జేబులో పెట్టుకున్నాను. విన్నీ లీజు బతికింది. పన్నెండు యాభై ఎనిమిది.

ఫెన్విక్ ఫోనెత్తి నంబరు నొక్కడం మొదలుపెట్టాడు. నేను బుర్రలో సిరిల్‌కి ప్లీడర్ని వెతుకుతున్నాను. ఒక్క శవం, ఒక్క సంతకం, మతిమరుపు ముసలాయన, ఇరుగుపొరుగు ప్రేమ. మంచి జడ్జి దొరికితే మందలించి వదిలేస్తాడు.

అవతల ఎవరో "పోలీస్ స్టేషన్" అన్నారు. సరిగ్గా అప్పుడు సిరిల్ నా మోచెయ్యి పట్టుకుని, చెవి దగ్గరికి వంగాడు.

"మిస్టర్ క్రడాక్," అన్నాడు. "పోయినవాళ్ళ సంతకాల్లో బీవిస్‌ది ఒక్కటే కాదండీ."